లాతూర్ వైనూ, నెల్లూరు వడ్లూ

ఫ్రాన్సులో బోర్డో దగ్గర పోయాక్‌లో షాతో లాతూర్ అని ఓ ద్రాక్షతోట ఉంది. 1855 వర్గీకరణలోనే వాళ్ళ ఎర్ర వైనుది మొదటి శ్రేణి. బోర్డో ఆనవాయితీ ఏంటంటే, కోతయిన మరుసటి వసంతంలో, వైను ఇంకా పీపాల్లో ఉండగానే బేరం పెట్టేస్తారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో బీటా వెర్షన్‌కి ముందే డబ్బు కట్టించుకోవడం అన్నమాట. 2012లో లాతూర్ వాళ్ళు ఇకమీదట అలా అమ్మం అనేశారు. తాగడానికి తయారయ్యాకే సీసా బయటికొస్తుంది, అప్పటిదాకా మా నేలమాళిగలోనే అని.

ఇందులో గొప్పేముందంటారా? కోతల టైములో మా బిట్రగుంట వైపు రండి. తడారకముందే వడ్లు కళ్ళంలోనే పుట్టికింతని వెళ్ళిపోతాయి. ఎరువుల కొట్టు బాకీ ఆగదు, దాచుకోడానికి చోటుండదు. మొలగొలుకులకి పేరుమోసిన జిల్లా అండీ ఇది! నిలవ విలువ మనకి ఫ్రాన్సువాడొచ్చి చెప్పాలా? కొత్తబియ్యం ముద్దవుతాయి, పాతవైతే పొడిపొడిగా, పైగా ఒదుగు. కానీ ఆ ఏడాది నిలవకి వచ్చే రేటు వ్యాపారిది, మిల్లుది.

లాతూర్‌ని 1993లో కొన్న ఫ్రాన్స్వా పినో కోటీశ్వరుడు, ఆగగలడు, నిజమే. రైతు ఆగడానికి కోటలక్కర్లేదు. గోడౌనూ, ఆ రసీదు మీద అప్పూ చాలు. దానికి చట్టం 2007లోనే వచ్చింది. ఆ రసీదు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకున్న కౌలురైతు మీకు తెలిస్తే చెప్పండి, నాకైతే ఇంతవరకూ తగల్లేదు.