రెసిస్టర్ పెట్టి రిలేని మోసం చెయ్యకండి బాబూ!

అమీర్‌పేటలో నా పాత బైకుకి ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేయించా. పంజాగుట్ట సిగ్నల్ చేరేసరికి పూనకం వచ్చినట్టు టకటకా కొట్టుకుంటున్నాయి! తిరిగెళ్తే మెకానిక్, "రెసిస్టర్ పెడ్తే సెట్ అయితది సార్" అన్నాడు.

నాకు మండేది ఇక్కడే. పాత బల్బు 10 వాట్లు తాగేది, ఎల్‌ఈడీకి ఒకటో రెండో చాలు. కరెంటు తగ్గేసరికి ఫ్లాషర్ రిలే బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. రెసిస్టరేమో మిగిలిన వాట్లన్నీ వేడిగా తగలేస్తుంది, చెయ్యి పెడితే చురుక్కుమనేంత. టెస్టు ఫెయిలైతే కోడు సరిచెయ్యకుండా 'రిటర్న్ ట్రూ' రాసినట్టు! అమెరికాలో కారుకి ఎల్‌ఈడీ లైట్ల ట్రైలర్ తగిలించేవాళ్లలోనూ కొందరిది ఇదే వైద్యం.

మార్చాల్సింది రిలేని. లోడుతో పనిలేని ఎలక్ట్రానిక్ రిలే ఉంటుంది. బల్బు పోతే దానికీ తెలీదు, ఒప్పుకుంటా. రెసిస్టర్ పెట్టినా తెలీదుగా! పిన్నులు సరిచూసుకుని నేనదే వేయించా. మా మెకానిక్ మాత్రం ఇంకా రెసిస్టరే అంటున్నాడు :)