అవ్వ అంగీ, మన కత్తెర

ఇంటికి ఆడపిల్ల పురిటికొచ్చిందంటే చాలు, సూదికీ కత్తెరకీ చేతినిండా పనే. మెత్తబడిన పంచెలు, నాలుగైదేళ్ళు కట్టిన నేత చీరలు, అటక మీది ట్రంకు పెట్టెలు అన్నీ హాల్లోకి వచ్చేస్తాయి. మీ ఇంట్లో కూడా ఇప్పుడు అదే సందడా? అయితే గుడ్డ కత్తిరించే ముందు ఒక్క పది నిమిషాలు నాతో కూర్చోండి.

పోయిన నెల మా వదినగారి ఊరు అమరాపురం వెళ్ళాను. మడకశిర దాటి కర్ణాటక పొలిమేర వైపు వెళ్తే వస్తుంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చుట్టుపక్కల వక్కతోటలు, ఇళ్ళలో తెలుగూ కన్నడమూ కలగలిసిన మాటలు. మనం జుబ్బా అనేదాన్ని అక్కడ అంగీ అంటారు.

వదిన కూతురికి తొమ్మిదో నెల. నడవాలో చాప పరిచి, వదిన అత్తగారు తన ట్రంకు పెట్టె తెరిచారు. ఆవిడకి ఎనభై దాటాయి, వీధి వీధికంతా అవ్వే. పెట్టె అడుగున పాత తువ్వాలులో చుట్టి నాలుగు తెల్లటి అంగీలు! అంతా చేతికుట్టే. ఆవాలు పేర్చినట్టుంది కుట్టు.

“మీ నాయన తొడుక్కునింది ఇదే పాపా. నువ్వూ ఇదే తొడుక్కుంటివి. ఇంక నీ బిడ్డకీ ఇదే” అని మురిసిపోయారు అవ్వ.

నేను మాత్రం మురవలేకపోయాను. మూత తీయగానే గుప్పుమన్న వాసన ఇంకా ముక్కులోనే ఉంది. కలరా ఉండలు! ప్రతి మడతలోనూ రెండేసి ఉన్నాయి.

పెద్దావిడ ముచ్చటకి అడ్డం చెప్పడానికి నోరు రాలేదు. కానీ చెప్పక తప్పలేదు. మీకూ చెబుతున్నాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. కలరా ఉండలు చాలావరకు నాఫ్తలీన్‌తో చేసినవే. ఆ ఆవిరి గుడ్డలోకి ఇంకుతుంది. జి6పిడి అనే ఎంజైము రక్తంలో తక్కువగా ఉండే పిల్లలు కొందరుంటారు. అది పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ. పరీక్ష చేయిస్తే తప్ప బయటికి తెలియదు. అలాంటి పసికందుకి ఈ బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, పచ్చకామెర్లు వస్తాయి. అవి ముదిరితే మెదడుకే ముప్పు. నూనె రాసిన ఒంటికైతే నాఫ్తలీన్ ఇంకా తేలిగ్గా ఇంకుతుంది. మనం పసిపిల్లలకి నూనె రాయని రోజు ఉందా?

అవ్వ నా మాట నమ్మలేదు. “మా బిడ్డలంతా ఇవే తొడుక్కొని పెరిగినారు. ఎవురికేమయింది?” అన్నారు కాస్త కోపంగానే.

అని, ఆగిపోయారు. కాసేపు అంగీ అంచు వేళ్ళతో నిమురుతూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా, “మూడోవాడు ఒళ్ళంతా పచ్చగా అయి ఏడో దినం పోయినాడు” అన్నారు.

ఆ బిడ్డ పోవడానికి ఈ ఉండలే కారణమని నేను అనలేదు, అనను కూడా. పసిపిల్లలకి కామెర్లు రావడానికి కారణాలు చాలా ఉంటాయి. ఇన్నేళ్ళ తర్వాత ఎవరు చెప్పగలరు? నేను అన్నది ఒకటే: “అవ్వా, ఈ అంగీ బిడ్డకి తొడగొద్దు. కానీ దీని కత్తిరింపు మాకు కావాలి. అది నేర్పించండి.”

అవ్వ నా మొహం వంక చూశారు. తర్వాత మనవరాలితో, “పాత పేపరొకటి తే పాపా” అన్నారు.

నేను ఈ వారం మీతో చెప్పాలనుకున్నదంతా ఇదే. పాత బట్ట ఎంత ముద్దొచ్చినా, కలరా ఉండల పెట్టెలోదైతే ఎన్నిసార్లు ఉతికి ఎండేసినా పసికందుకి వద్దు. దాన్ని నమూనాగా వాడుకోండి. కొత్తగా కుట్టండి.

పాత కత్తిరింపు ఎందుకు మంచిది?

అవ్వ అంగీలో ఎంత ఆలోచన ఉందో చూడండి. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 33 నుంచి 35 సెంటీమీటర్లు, అంటే పదమూడు పద్నాలుగు అంగుళాలు. ఛాతీ దానికన్నా రెండు సెంటీమీటర్లు తక్కువే. మెడ ఇంకా సన్నం, నిలబడదు కూడా. తల మీదుగా తొడిగే చొక్కా అయితే మెడకి సరిపోయేలా కుడితే తల పట్టదు, తల పట్టేలా కుడితే భుజాలు జారిపోతాయి. అందుకే మన పెద్దవాళ్ళు ముందువైపు పూర్తిగా తెరిచి కుట్టారు. బిడ్డని అంగీ మీద పడుకోబెట్టి, చేతులు దూర్చి, మూసేస్తే సరి! జపాన్‌లో కూడా పసిపిల్లల లోచొక్కాలు ఇలాగే ముందు తెరిచి, ఒక అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా కుడతారు. కుట్టు అంచులు ఒంటికి ఒరుసుకోకుండా బయటివైపుకి పెడతారు. అవ్వ అంగీలోనూ అంచులు బయటికే ఉన్నాయి. జపాన్ ఎక్కడ, అమరాపురం ఎక్కడ!

పుట్టగానే బిడ్డకి కొత్తబట్ట వేయకూడదని చాలా ఇళ్ళలో అంటారు. అందులోనూ తెలివి ఉంది. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, రంగు ఉంటుంది. పదిసార్లు ఉతికిన నూలు గుడ్డ ఒంటికి వెన్నలా ఉంటుంది. కాబట్టి రోజూ వాడుకలో ఉన్న పాత నూలు చీర, పంచె నిక్షేపంగా వాడండి. కొత్త గుడ్డయితే రాత్రంతా నానబెట్టి, రెండు మూడుసార్లు ఉతికి, ఆ తర్వాతే కత్తిరించండి. లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది.

అంగీ కత్తిరించే విధానం

కావలసినవి: మల్లు గుడ్డ లేదా మెత్తటి నూలు గుడ్డ 36 అంగుళాల పన్నాది అర మీటరు, తెల్ల నూలు దారం, పదునైన కత్తెర, పాత న్యూస్ పేపరు.

అవ్వకి అంగుళాలు తెలియవు. “ఒళ్ళు జాన మీద ఒక వేలు, చెయ్యి బెత్తెడు” అన్నారు. టేపు పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది! మనకోసం అంగుళాల్లో రాశాను.

1. గుడ్డ నుంచి 22 అంగుళాల పొడవు, 17 అంగుళాల వెడల్పు ముక్క తీసుకోండి. ముందు పొడవుని సగానికి మడవండి. ఈ మడత భుజాల మీదికి వస్తుంది. తర్వాత వెడల్పుని సగానికి మడవండి. ఇప్పుడు నాలుగు పొరలు, 11 అంగుళాల ఎత్తు, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు.

2. రెండు మడతలూ కలిసే మూల మెడ. అక్కణ్ణుంచి పక్కకి ఒకటిముప్పావు అంగుళం గుర్తు పెట్టండి. వెనక మెడకి కిందికి అర అంగుళం చాలు, నాలుగు పొరలూ కత్తిరించండి. తర్వాత ముందు పొరల్ని మాత్రం ఒకటిముప్పావు అంగుళం లోతుకి గుండ్రంగా కత్తిరించండి.

3. మెడకి ఎదురుగా ఉన్న అంచున, భుజం మడత నుంచి కిందికి 4 అంగుళాలు చెయ్యి. ఇక కింది అంచున మధ్య మడత నుంచి ఐదున్నర అంగుళాలకీ, చంక దగ్గర 5 అంగుళాలకీ గుర్తు పెట్టి గీత కలపండి. చంక దగ్గర మూలగా కాకుండా వంపుగా కత్తిరించండి. మూలగా ఉంటే అక్కడే చిరుగుతుంది.

4. విప్పి, ముందు పొరని మాత్రం మెడ నుంచి కిందిదాకా నడిమికి చీల్చండి.

5. ఇప్పుడు కుట్టు. గుడ్డ తిరగతిప్పకండి. మంచివైపు బయటికే ఉంచి పక్కలు, చేతుల అడుగు కుట్టండి. చంక వంపు దగ్గర కుట్టు తెగకుండా చిన్న గాట్లు పెట్టండి. రెండు అంచుల్లో ఒకదాన్ని సగానికి కత్తిరించి, రెండోదాన్ని దాని మీదికి మడిచి అణిచి కుట్టండి. లోపలివైపు ఒక్క సన్నగీతే మిగులుతుంది.

6. మెడకీ, ముందు అంచులకీ మిగిలిన గుడ్డలోంచి అంగుళం వెడల్పు క్రాస్ పట్టీ తీసి వేయండి. చేతులు, కింది అంచు సన్నగా మడిచి హెమ్మింగ్ చేయండి.

7. ఒక అంచు రెండోదాని మీదికి ఒకటిన్నర అంగుళం వచ్చేలా ఛాతీ దగ్గర, పొట్ట దగ్గర పొట్టి గుడ్డ బొందులు ఒక్కో జత కుట్టండి. ముడి పక్కకి రావాలి.

మెడ దగ్గర బొందు వద్దంటే వద్దు. అవ్వ పాత అంగీకి మెడ దగ్గరే ఉంది. అదొక్కటి మార్చాం. మెడ దగ్గరి తాడు దేనికైనా తగులుకుంటే గొంతుకి బిగుసుకుంటుంది. పిల్లల కోట్లకి, స్వెట్టర్లకి మెడ దగ్గర తాళ్ళు పెట్టొద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లోనే తయారీదారులకి చెప్పింది. గొంతు కింద ముడివేసే కుళాయి కూడా అందుకే వద్దు. పిన్నీసులు అసలే వద్దు. ఊడిపోయే గుండీలు, పూసలు వద్దు, పిల్లలకి ఏది దొరికినా నోట్లోకే కదా! కుట్టడానికి కూర్చునేటప్పుడు సూదులు లెక్కపెట్టుకోండి, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి.

మరి కొత్త నమూనాలు?

మా మేనకోడలు ఊరుకుంటుందా? సెల్‌ఫోనులో ఏదో విదేశీ నమూనా చూసి, కాగితాల మీద ప్రింటు తీయించుకొచ్చింది. ముచ్చటైన ఫ్రాకు. తీరా కుడితే బొమ్మకి కూడా పట్టలేదు! సంగతేమిటంటే, ప్రింటు తీసేటప్పుడు కాగితంలో ఇమిడేలా మొత్తం బొమ్మని కుదించేశారు. ఇలాంటి నమూనాల్లో ఒక మూల కొలత చూసుకోవడానికి చిన్న చదరం ఉంటుంది. పక్కన అంగుళమనో, 5 సెంటీమీటర్లనో రాసి ఉంటుంది. ప్రింటు 100 శాతం కొలతతో తీయమనండి. స్కేలు పెట్టి ఆ చదరం కొలిచాకే గుడ్డ ముట్టుకోండి. వాళ్ళ సైజు పేర్లని కూడా నమ్మకండి. నమూనా ఛాతీ కొలిచి, బిడ్డ ఛాతీ కన్నా నాలుగైదు అంగుళాలు ఎక్కువుందో లేదో చూసుకోండి.

కాగితం నమూనాలు కొలతల వారీగా అచ్చువేసి అమ్మడం కొత్తేమీ కాదు. అమెరికాలో ఎబెనేజర్ బట్టరిక్ అనే దర్జీ 1863లో మొదలుపెట్టాడు. అన్నట్టు, ఆయన మొదట్లో అమ్మింది మగవాళ్ళ, మగపిల్లల బట్టల నమూనాలే.

కొత్త నమూనాల్లో నాకు నిజంగా నచ్చింది ఒకటుంది. భుజాల దగ్గర ముందు ముక్క, వెనక ముక్క ఒకదాని మీదికొకటి వచ్చేలా కుట్టే మెడ. సాగే హోజరీ గుడ్డతోనే బాగుంటుంది. పాత టీషర్టు చాలు. ఈ మెడ బాగా సాగుతుంది. బిడ్డ బట్టలు పాడుచేసుకున్నప్పుడు తల మీదుగా లాగక్కర్లేదు, భుజాల మీదుగా కిందికి, కాళ్ళవైపుకి లాగేయొచ్చు. మొహానికీ జుట్టుకీ అంటదు. మెడ నిలబడ్డాక, అంటే మూడు నాలుగు నెలలప్పటి నుంచి, ఇది తల్లికి పెద్ద సుఖం. అవ్వ కూడా చూసి, “ఇది బాగుండాదే!” అన్నారు.

పట్టు ముచ్చట

నామకరణానికి పట్టు కట్టకపోతే మన మనసు ఊరుకోదు. అందులోనూ ధర్మవరం ఆ చుట్టుపక్కలే. ధర్మవరం నేతకి వచ్చిన భౌగోళిక గుర్తింపు పేరులోనే చీరలతో పాటు పావడాలు కూడా ఉన్నాయి తెలుసా! పాత పట్టుచీర కొంగుతో పాపాయికి చిన్న పావడా కుట్టండి, తప్పులేదు. కానీ జరీ ఒంటికి గీసుకుంటుంది. లోపల పూర్తిగా మల్లు గుడ్డ లైనింగు వేసి, నడుం పట్టీ కూడా నూలుదే పెట్టండి. ఫోటోలూ అక్షింతలూ కాగానే విప్పేసి అంగీ తొడగండి. పట్టుచీర బీరువాలో కలరా ఉండలతో ఉన్నదైతే మాత్రం ఆ ముచ్చట పాపాయి పుట్టినరోజుకి వాయిదా వేసి, అప్పటికి కొత్త పట్టు కొనండి.

మొన్న వదిన ఫోను చేసింది. ఆడపిల్ల, 2 కిలోల 700 గ్రాములు, తల్లీ బిడ్డా క్షేమం. ఆరు అంగీలు కుట్టి ఉంచాం కదా, పూటకి రెండు చొప్పున మారుస్తున్నారట. ఇంకో నాలుగు కావాలని అవ్వ పక్కింటి కోడలికి కత్తిరింపు నేర్పిస్తున్నారట. ట్రంకు పెట్టెని కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి, కలరా ఉండలకి బదులు ఎండిన వేపాకు మూట వేశారట. మేం గీసిన న్యూస్ పేపరు నమూనా ఇప్పుడు అందులోనే భద్రంగా ఉంది.

మీరూ ఒకసారి మీ పెట్టె మూత తీసి వాసన చూడండి. ఆ తర్వాతే కత్తెర పట్టండి. ఉంటాను మరి!