పిల్లల ఆయాసానికి ఏడాది పొడవునా లెక్క ఉండాలి

2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసిబిడ్డలకు హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ ఉందని తెలియగానే కొత్త మహమ్మారి వచ్చిందంటూ ఊరూవాడా హడలిపోయింది. ఆ వైరస్‌ను నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లోనే, 28 మంది పిల్లల నమూనాల్లో గుర్తించారు. 1958 నాటి నుంచి దాచి ఉంచిన రక్తరసిని పరీక్షిస్తే అందులోనూ దాని యాంటీబాడీలు కనబడ్డాయి. అంటే మన అమ్మమ్మలు పడిశెమనీ పిల్లికూతలనీ చెప్పుకున్న జబ్బుల్లో కొన్నిటికి అదే కారణమై ఉండవచ్చు. కొత్తగా వచ్చింది వైరస్ కాదు, దాన్ని పట్టుకునే పరీక్ష.

అయితే దొరికిన ప్రతి వైరస్సూ దోషి కాదు. 2005లో స్వీడన్‌లో గుర్తించిన బోకావైరస్ ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లల ముక్కుల్లోనూ కనిపిస్తుంది. అందుకే జబ్బు పిల్లలను బాగున్న పిల్లలతో పోల్చి చూడాలి. ఆసియా, ఆఫ్రికాల్లోని ఏడు దేశాల్లో అలా పోల్చి, 2019లో ప్రచురించిన పెర్చ్ అధ్యయనంలో ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన న్యుమోనియాకు అన్నిటికన్నా పెద్ద కారణం ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్ అని తేలింది. ఆ ఏడింటిలో మన దేశం లేదు. మేము కోరేది ఇదే: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రతి జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనూ ఆయాసంతో చేరిన పిల్లల్లో కొందరికి, టీకాలకు వచ్చే ఆరోగ్యవంతులైన పిల్లల్లో అంతమందికి, తల్లిదండ్రుల అనుమతితో వారం వారం పరీక్ష చేయాలి. ఫలితాలను నెలనెలా జనం ముందుంచాలి. కోవిడ్ నాడు ప్రభుత్వ వైద్య కళాశాలలకు వచ్చిన ఆర్‌టీపీసీఆర్ యంత్రాలు ఇందుకు పనికొస్తాయి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘా ఉంది కదా అంటారు. ఉంది, బెంగళూరు కేసులు బయటపడిందీ దానివల్లే. ఆ చూపు జిల్లా వార్డు దాకా రావాలంటున్నాం. ఈ వైరస్‌లలో చాలావాటికి మందే లేనప్పుడు పరీక్షెందుకని మరికొందరి ప్రశ్న. వైరస్‌పై పనిచేయని యాంటీబయాటిక్‌ను ప్రతి దగ్గుకూ రాసే అలవాటు మానాలంటే ఏ నెలలో ఏది తిరుగుతోందో వైద్యుడికి తెలియాలి. వైరస్ ఉన్నంత మాత్రాన బాక్టీరియా లేదనలేం కాబట్టి, డొక్కలెగరేస్తున్న బిడ్డకు వైద్యం ఒక్క గంట కూడా ఆగకూడదు. ఆ జాగ్రత్త ఎప్పుడూ తప్పదు. పైగా ఆర్‌ఎస్‌వీకి గర్భిణులకిచ్చే టీకా, శిశువులకిచ్చే యాంటీబాడీ సూది 2023 నాటికే అమెరికాలో అనుమతి పొందాయి. 2019లో ఆర్‌ఎస్‌వీ వల్ల ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు సుమారు లక్షమంది చనిపోయారని అంచనా. వారిలో నూటికి 97 మంది పేద, మధ్యాదాయ దేశాల బిడ్డలే. రేపు ఆ సూది మన పిల్లలందరికీ అందినా, ఏ నెలలో వేయాలో చెప్పడానికి మన లెక్క మన దగ్గరుండాలి.

మీ ఎమ్మెల్యేను, జిల్లా వైద్యాధికారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: నిరుడు మన ఆసుపత్రిలో ఆయాసంతో చేరిన పిల్లల్లో ఎందరికి ఏ వైరస్ ఉంది?