ఎన్ని గంటలకు తిన్నావు బిడ్డా?

సంక్షేమ హాస్టల్లో పిల్లలు వాంతులు చేసుకుంటే పెద్దల నోట మొదట వచ్చే మాట ఒకటుంది: "ఎక్కువ తిన్నారు." నేనూ హాస్టల్ కూడు తిని చదువుకున్నవాణ్ణే. ఏడో తరగతిలో ఒక రాత్రి మా గదిలో తొమ్మిదిమందిమి కడుపు పట్టుకుని దొర్లాం. మధ్యాహ్నం మిగిలిన అన్నం వేడి చేసి పెట్టారు. తెల్లారి మా అయ్య వస్తే "మీవాడికి తిండి యావరా" అన్నాడు వార్డెను. అయ్య తల వంచుకుని నన్ను ఇంటికి తీసుకుపోయాడు. ఏం అడగాలో ఆయనకు తెలియదు. మనం తెలుసుకుని అడుగుదాం.

మొదట అడగాల్సింది గంటలు. తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు ఉన్నట్టుండి వాంతులు మొదలై, జ్వరం లేకపోతే, అది కూట్లో ముందే చేరిన విషం కావచ్చు. వండేవాళ్ల చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి చేరే స్టెఫిలోకోకస్ అనే బాక్టీరియా ఇలాంటి విషాన్ని వదులుతుంది. వండిన అన్నాన్ని గుండిగలో గంటల తరబడి వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనేది పెరిగి అదే పని చేస్తుంది. ఈ రెండు విషాలూ మళ్లీ పొయ్యి మీద పెడితే పోవు. "వేడి చేసే పెట్టాం గదా" అన్న జవాబు చెల్లదు.

ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి రెండు మూడు రోజులకు కూడా, జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వస్తే సాల్మొనెల్లాను అనుమానించాలి. సరిగా ఉడకని గుడ్డు, మాంసం నుంచి రావచ్చు. మనం మోసపోయేది ఇక్కడే. మొన్నటి గుడ్డు ఎవరికి గుర్తుంటుంది, నిన్నటి అన్నాన్ని తిట్టుకుంటాం. టైఫాయిడ్ ఇంకా నిదానం, వారం నుంచి మూడు నాలుగు వారాలు పడుతుంది. జ్వరం రోజురోజుకూ ఎక్కుతుంది, విరేచనాలు అసలు లేకపోవచ్చు. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లకు జ్వరం తగ్గకపోతే దిష్టి తీస్తూ కూర్చోకండి. ఏ రోగమో తేల్చేది పరీక్షే.

ప్రాణం తీసేది ఒంట్లో నీళ్లు పోవడం. నోరు ఎండినా, కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, పిల్ల మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా ఎవరి అనుమతికీ ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఈలోగా ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి గుక్కగుక్కగా పట్టండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే చేటు. విరేచనాలు కట్టే బిళ్లలు పిల్లలకు వేయొద్దు.

కార్యకర్తలకు ఒక మాట. గుండిగలు కడగనివ్వకండి. మిగిలిన కూటిని మూత పెట్టి, ఎవరూ ముట్టకుండా, వీలైతే చల్లగా ఉంచి ఆహార భద్రతా అధికారికి అప్పగించండి. ఎవరు ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఆ కూర తినని పిల్లలు బాగున్నారా అన్నది పేరుపేరునా కాగితం మీద పెట్టండి. రాయడం వచ్చిన పిల్లలే అక్కడ ఉన్నారు, వాళ్లతోనే రాయించండి.