మ్యూజియం ఈ గట్టున... ఊరు ఆ గట్టున!

చిన్నప్పుడు రైలు పట్టాల మీద పైసా బిళ్ల పెట్టి, బండి వెళ్లేదాకా తుప్పల చాటున నక్కి చూసినవాళ్లెంతమంది? చక్రాల కింద నలిగితే అది అయస్కాంతం అయిపోతుందని మన నమ్మకం. 1962 సెప్టెంబరు 4న స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో పెద్దవాళ్లు కూడా ఇదే పని చేశారు. అయస్కాంతం కోసం కాదు, గుర్తు కోసం. ఆ సాయంత్రం ఊళ్లో ట్రాముల ఆఖరి ఊరేగింపు. వానలో తడుస్తూ రెండున్నర లక్షల మంది రోడ్ల పక్కన నిలబడి వీడ్కోలు చెప్పారు. నలిగిన పెన్నీలు జేబులో వేసుకుని ఇళ్లకెళ్లారు.

జనానికి అంత మమకారం ఉంటే ఏ కార్పొరేషన్ మాత్రం ఏం చేస్తుంది? చాలా ట్రాములు తుక్కులోకి పోయినా కొన్నింటిని దాచారు. 1964లో కాప్లాహిల్ అనే చోట, ట్రాములను తయారుచేసిన పాత వర్క్‌షాపులోనే రవాణా మ్యూజియం పెట్టారు. పాతికేళ్లు తిరక్కుండానే దాన్ని మరో భవనానికి తరలించారు. వర్క్‌షాపు ఖాళీ అయింది. ఇక గునపాలు దిగడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే ఆదుకున్నది ఎవరనుకున్నారు? మన పాండవులు! పీటర్ బ్రూక్ తన తొమ్మిది గంటల ‘మహాభారత’ నాటకాన్ని 1988లో అక్కడే ఆడించాడు. ద్రౌపది పాత్ర మన మల్లికా సారాభాయ్‌ది. ట్రాములకు చక్రాలు బిగించిన చోట కురుక్షేత్రం జరిగిందన్నమాట. ఆ తర్వాత భవనాన్ని కూల్చలేదు. ‘ట్రామ్‌వే’ పేరుతో కళాకేంద్రంగా మార్చారు. అది ఉన్న పోలక్‌షీల్డ్స్ పేటలో దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువ. వెనకున్న బీడులో 2003లో తోట వేశారు. మ్యూజియం వెళ్లిపోయాక కూడా దాని గూడు పేటకి పనికొచ్చింది.

అసలు కథ మ్యూజియం చివరికి చేరిన చోట ఉంది. కెల్విన్ అనే చిన్న ఏరు క్లైడ్ నదిలో కలిసే చోట ఒకప్పుడు ఓడల కార్ఖానా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో దాదాపు అయిదో వంతు ఈ క్లైడ్ ఒడ్డునే పుట్టేవి. తర్వాత కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ కార్ఖానాకు 1962లో, ట్రాములు పోయిన ఏడాదే, తాళం పడింది. ఆ నేల మీదే జాహా హదీద్ గీసిన డిజైన్‌తో, జింకు రేకుల మడతల పైకప్పుతో, 2011 జూన్‌లో ‘రివర్‌సైడ్ మ్యూజియం’ తెరిచారు. ఖర్చు దాదాపు 7.4 కోట్ల పౌండ్లు. ప్రవేశం ఉచితం.

లోపల మూడు వేలకు పైగా వస్తువులు. పాత వీధులను దుకాణాలతో సహా మళ్లీ కట్టారు. వాటిలో నడుస్తూ తాతలు మనవలకు కబుర్లు చెప్పుకోవచ్చు. కార్లను మాత్రం గోడకి అరల్లో, బొమ్మల్లా పైపైకి పేర్చారు. మెడ రిక్కించినా పై వరస సరిగా కనపడదని కార్ల ప్రియులు విసుక్కున్నారు. ఆ విసుగు న్యాయమైనదే. అన్నిటికంటే పెద్ద వస్తువు 1945లో గ్లాస్గోలోనే తయారై దక్షిణాఫ్రికా వెళ్లిన ఆవిరి ఇంజను. అక్కడ పని అయిపోయాక కొని మళ్లీ తెచ్చుకున్నారు. అత్తారింట్లో అరిగిపోయిన పిల్ల పుట్టింటికి చేరినట్టు! ‘ఆరాధన’ సినిమాలో రాజేష్ ఖన్నా జీపు పక్కన పరుగెత్తే డార్జిలింగ్ రైలు గుర్తుందా? ఆ లైన్లో తిరిగిన చిన్న ఇంజన్లలో చాలా వాటి పుట్టిల్లు కూడా గ్లాస్గోనే.

మొదటి ఏడాదే పది లక్షల మందికి పైగా వచ్చారు. 2013లో యూరప్ ఉత్తమ మ్యూజియం బహుమతీ దక్కింది. ఇలాంటి చోట్ల సందర్శకుల లెక్క చెప్పి చప్పట్లు కొట్టడం రివాజు. కానీ మ్యూజియం మెట్ల మీద నిలబడితే ఎదురుగా నదికి అవతల గోవన్ కనిపిస్తుంది. 1912 దాకా అది విడి పట్టణం. ఓడల పని మీదే బతికింది. మాంచెస్టర్ యునైటెడ్ పూర్వపు మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ పుట్టిపెరిగిన చోటది. పని తగ్గాక నగరంలోని బాగా పేద పేటల్లో ఒకటైంది. మ్యూజియంలోని ఓడల కథ చాలావరకు వాళ్ల తాతలదే. వాళ్ల కళ్లెదుటే ఉంది. నడిచి రావడానికి మాత్రం దగ్గర దారి ఉండేది కాదు!

వెనకటి రోజుల్లో ఇక్కడ రేవు పడవలు తిరిగేవి. 1960ల్లో ఆగిపోయాయి. నది కింద నుంచి వెళ్లే సబ్‌వే రైలుకి ఇది ఒక్క స్టేషన్ దూరమే. కానీ పిల్లల్ని వెంటేసుకుని, టికెట్లు కొనుక్కుని, అవతల దిగి నడవాలి. మ్యూజియం తెరిచాక కొన్ని వేసవుల్లో ఉచితంగా పడవ నడిపారు. వేసవి అయిపోతే పడవా అయిపోయేది. ఈలోగా మ్యూజియం ఉన్న గట్టున ఖరీదైన ఫ్లాట్లు లేచాయి. ఊరు బాగుపడిందంటే ఎవరి ఊరు అని అడగాల్సింది ఇక్కడే.

ఆ ప్రశ్నకు జవాబు పదమూడేళ్లకు దొరికింది. 2024 సెప్టెంబరులో గోవన్‌కీ ఇవతలి పార్టిక్‌కీ మధ్య మ్యూజియం పక్కనే వంతెన తెరిచారు. కాలినడకకీ సైకిళ్లకీ మాత్రమే. ఖర్చు దాదాపు 3 కోట్ల పౌండ్లు. మ్యూజియం కోసమే కట్టారనలేం. గోవన్ వైపు పెద్దాసుపత్రి, ఇటు యూనివర్సిటీ ఉన్నాయి. అయినా నన్నడిగితే జింకు పైకప్పు కంటే, బహుమతి కంటే, గోవన్ పిల్లలకి ఈ నడకదారే ఎక్కువ. మ్యూజియం కట్టిన రోజునే ఇదీ కట్టుంటే ఒక తరం పిల్లలు దాన్ని తమ పెరడులా వాడుకునేవాళ్లు. వంతెన వల్ల ఇప్పుడు రాకపోకలు రెండు వైపులా సాగుతున్నాయి. ఇటువాళ్లు గోవన్ పాత చర్చిలోని మధ్యయుగాల చెక్కుడు రాళ్లు చూడ్డానికి అటు నడవొచ్చు.

ఓడలు వస్తే వంతెన పక్కకి తిరిగి దారిస్తుంది. 1946లో సరిగ్గా ఈ మ్యూజియం ఉన్న చోటే నీళ్లలోకి దిగిన ‘వేవర్లీ’ అనే ఆవిరి ఓడ, పక్కల చక్రాలు తిప్పుకుంటూ ఇప్పటికీ ప్రయాణికుల్ని తిప్పుతోంది. అది వచ్చినప్పుడు రెండు గట్ల జనం ఎక్కడివాళ్లక్కడ ఆగి, దాన్ని దాటనిచ్చి, మళ్లీ నడుస్తారు.