చించని టికెట్టు

గుర్రప్పందేల్లో ముదిరినవాళ్లు కొత్తవాళ్లకి చెప్పే మొదటి సలహా ఒకటుంది. 'నీ గుర్రం ఓడిపోయినా సరే, ఫలితం ప్రకటించేదాకా టికెట్టు చించకు!' మన మలక్‌పేటలోనైనా, సముద్రాలకవతల అమెరికాలోనైనా ఈ మాట ఒక్కటే. ఎందుకంటే గీత ముందు దాటిన గుర్రమే గెలిచినట్టు కాదు. గెలిచిందని స్టివార్డులు చెబితేనే గెలిచినట్టు.

స్టివార్డులంటే రేసుకి పెద్దమనుషులు. ఒక్కొక్క గుర్రం బరువు దాదాపు అయిదు క్వింటాళ్లు. గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో గుంపుగా పరుగెడుతుంటాయి. ఆ గుంపులో ఒక గుర్రం పక్కకి ఒరిగి ఇంకోదాని దారికి అడ్డొచ్చిందనుకోండి. వెనకదాని ముందుకాళ్లు ముందుదాని వెనకకాళ్లకి తగిలితే అంతే సంగతులు! గుర్రమూ జాకీ కలిసి నేలమీద పడతారు, వాళ్ల మీద వెనకొచ్చేవి పడతాయి. అందుకే దారికి అడ్డు రావడమన్నది రేసులో చిన్న తప్పేం కాదు. అలా జరిగిందని అనుమానం వస్తే స్టివార్డులు తమంతట తామే విచారణ మొదలెట్టొచ్చు. నష్టపోయిన జాకీ అభ్యంతరం చెప్పొచ్చు. వీడియోలు తిప్పి తిప్పి చూసి, జాకీలను అడిగి, అప్పటికప్పుడు తేల్చేస్తారు.

మరి ఆ తేల్చిందే తప్పయితే? ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతోంది. రెండు రేసుల కథ చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

మొదటిది 2019 మే 4న జరిగింది. అమెరికాలోని లూయీవిల్ నగరం, చర్చిల్ డౌన్స్ మైదానం, 145వ కెంటకీ డెర్బీ. వానకి ట్రాకంతా బురద. లక్షన్నర మంది జనం. మ్యాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం మొదటినుంచీ ముందుండి, దాదాపు రెండు గుర్రాల పొడవు తేడాతో గీత దాటింది. జాకీ లూయిస్ సాయెజ్ సంబరాల్లో ఉన్నాడు. అంతలో ఇద్దరు జాకీలు అభ్యంతరం చెప్పారు. చివరి మలుపు దగ్గర ఆ గుర్రం బయటివైపుకి ఒరిగి, వెనకొస్తున్నవాటికి అడ్డం పడిందని ఫిర్యాదు.

ముగ్గురు స్టివార్డులు ఇరవై రెండు నిమిషాలు వీడియోలు చూశారు. ఫలితం తారుమారైంది! మొదట వచ్చిన మ్యాగ్జిమమ్ సెక్యూరిటీకి పదిహేడో స్థానం. రెండోదిగా వచ్చిన కంట్రీ హౌస్ విజేత. పదిహేడే ఎందుకంటే, అది అడ్డుకున్న గుర్రాల్లో అన్నిటికన్నా వెనక వచ్చినదాని కిందకి దాన్ని దించాలన్నది అక్కడి లెక్క. డెర్బీ చరిత్రలో అడ్డు వచ్చిందన్న కారణంతో గెలిచిన గుర్రాన్ని దించేయడం అదే మొదటిసారి. కంట్రీ హౌస్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు తక్కువ. ధర 65కి 1. రెండు డాలర్లు పెట్టినవాడికి 132 డాలర్ల 40 సెంట్లు వచ్చాయి. టికెట్టు చించి పారేసినవాడుంటే వాడి గతి ఊహించుకోండి!

గుర్రం యజమానులు గ్యారీ, మేరీ వెస్ట్ దంపతులు సోమవారంనాడు రాష్ట్ర రేసింగ్ కమిషన్‌కి అప్పీలు పెట్టుకున్నారు. అదేరోజు జవాబు వచ్చేసింది. మీ వాదన తప్పని కాదు, మీ వాదన వినడానికే వీల్లేదని! రేసులో ఏం జరిగిందన్నదాని మీద స్టివార్డులు చెప్పిందే ఆఖరిమాట, దానిమీద అప్పీలు లేదని కెంటకీ నిబంధన. దంపతులు ఫెడరల్ కోర్టుకెక్కారు. పద్దెనిమిది లక్షల అరవై వేల డాలర్ల మొదటి బహుమతి పోయింది, డెర్బీ విజేత అన్న పేరుకి ముందుముందు వచ్చే విలువా పోయింది, మా మాట ఒక్కసారైనా వినరా అన్నది వాళ్ల గోడు. 2019 నవంబరులో జిల్లా కోర్టు కేసు కొట్టేసింది. 2020 ఆగస్టులో పైకోర్టూ అదే మాట అంది. కోర్టుల తర్కం ఏమిటంటే, గెలుపు మీ ఆస్తి అయితే కదా దాన్ని లాక్కున్నారనడానికి? స్టివార్డులు ప్రకటించేదాకా అది ఎవరి ఆస్తీ కాదు. ఆ ప్రకటన వాళ్ల విచక్షణకి వదిలేశామని నిబంధనే చెబుతోంది కాబట్టి జడ్జీలు వేలు పెట్టరు.

ఆ గుర్రానికి శిక్షణ ఇచ్చిన జేసన్ సర్విస్ 2020లో గుర్రాలకి ఉత్ప్రేరకాలిచ్చిన కేసులో ఇరుక్కుని, నేరం ఒప్పుకుని, 2023లో నాలుగేళ్ల జైలుశిక్ష పొందాడు. ఆ కథ వేరు. దానివల్ల ఇప్పటి మన ప్రశ్న మారదు. అప్పీలు హక్కు మంచివాళ్ల కోసమే పెట్టింది కాదుగా!

ఇక రెండోది. 2015 సెప్టెంబరు 12, ఇంగ్లండులోని డాంకాస్టర్. 1776 నుంచి జరుగుతున్న సెయింట్ లెజర్ రేసు. సింపుల్ వర్స్ అనే ఆడగుర్రం తలంత తేడాతో ముందొచ్చింది. గుంపులోంచి బయటపడే తొందరలో రెండోదిగా వచ్చిన బోండీ బీచ్‌ని తగిలిందని స్టివార్డులు గెలుపు దానికి ఇచ్చేశారు. ఇక్కడా చరిత్రలో మొదటిసారే! శిక్షకుడు రాల్ఫ్ బెకెట్ వర్గం అప్పీలుకి వెళ్లింది. అక్కడ తలుపు తెరిచే ఉంది. సరిగ్గా పదకొండు రోజులకి, సెప్టెంబరు 23న, లండన్‌లో క్రమశిక్షణా సంఘం రెండువైపుల వాదనలూ విని, రేసు మళ్లీ చూసి, గెలుపు సింపుల్ వర్స్‌దేనని తేల్చింది. 1992 తర్వాత ఆ రేసు గెలిచిన ఆడగుర్రం అదే.

ఇంగ్లండులో వాళ్లు వేసుకునే ప్రశ్న కూడా సూటిగా ఉంటుంది. తగిలిందా లేదా అన్నది కాదు. తగలకపోయి ఉంటే ఆ రెండోది దీన్ని దాటి ముందు వచ్చేదా? రాదనిపిస్తే గెలుపు గెలుపే. జాకీ తప్పు చేస్తే శిక్ష జాకీకి. కెంటకీలో ఎక్కువ దెబ్బతిన్నది వార్ ఆఫ్ విల్ అనే గుర్రం. అది గీత దాటింది ఎనిమిదో స్థానంలో. లాభపడింది మాత్రం కంట్రీ హౌస్! అదే రేసు ఇంగ్లండులో అయితే ఫలితం నిలబడేదని అప్పట్లో చాలామంది వాదించింది ఇందుకే.

అప్పీలు వద్దనేవాళ్ల మాటలోనూ న్యాయం లేకపోలేదు. 1968 డెర్బీలో మొదట వచ్చిన డాన్సర్స్ ఇమేజ్ ఒంట్లో నిషిద్ధమైన మందు ఆనవాలు దొరికింది. ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. ప్రతి రేసూ అలా కోర్టుల చుట్టూ తిరిగితే ఆట ఎక్కడుంటుంది? పందెం డబ్బులు ఆరోజే పంచేస్తారు కదా, మళ్లీ వెనక్కి అడుగుతారా? అడగరు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. అప్పీలు గెలిచినా మారేది బహుమతీ, పేరూ మాత్రమే. పందెం కాసినవాడికి ఆరోజు ప్రకటించిందే వేదం. సింపుల్ వర్స్ విషయంలోనూ నిబంధన ఇదే. అంటే అప్పీలు వల్ల పందేల లెక్కలు చెడిపోతాయన్న భయం ఉత్తదే.

నాకు తోచింది చెబుతాను. పెద్దమనుషులు ఉండాల్సిందే, వాళ్ల మాట అక్కడికక్కడ చెల్లాల్సిందే. క్రికెట్టులో అంపైరు మాట శిరోధార్యం అనుకున్న మనమే, అదే క్రికెట్టులో టీవీ రివ్యూ వచ్చాక ఆట మెరుగైందని ఒప్పుకున్నాం. లోకం మునిగిపోలేదు. ఇరవై రెండు నిమిషాల్లో ముగ్గురు తేల్చినదాన్ని, పదకొండు రోజుల్లో తెలిసిన మరికొందరు మళ్లీ చూస్తే వాళ్ల పరువు పోదు. కెంటకీ స్టివార్డులు ఆరోజు రాసుకొచ్చిన ప్రకటన చదివి, విలేకరులు ప్రశ్నలు అడగబోతే జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. అదే అసలు లోటు. వాళ్ల తీర్పు సరైనదే కావచ్చు. కానీ ఓడినవాడు 'నా మాట విన్నారు, అయినా ఓడిపోయాను' అనుకుంటూ ఇంటికెళ్లడానికీ, 'అసలు వినలేదు' అనుకుంటూ వెళ్లడానికీ తేడా ఉంది. మొదటివాడు నిద్రపోతాడు. రెండోవాడు ఏడాదికి పైగా కోర్టుల చుట్టూ తిరుగుతాడు.

ఇది గుర్రాల సంగతే అనుకుంటున్నారా? ఆఫీసులో, కాలేజీలో, అపార్టుమెంటు సంఘంలో మనమూ ఎక్కడో ఒకచోట స్టివార్డులమే. తీర్పు చెప్పే ముందు టికెట్టు చించకుండా ఎదురుచూస్తున్నవాళ్లను ఒక్కసారి చూడండి.