పెట్టె మీద గాలి లెక్క ఏది?

సిడ్నీలో గోంగూర, బెండ, బీర నారు పోసుకోవాల్సిన రోజులూ, పడమటి గాలి విసిరికొట్టే రోజులూ ఒకటే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడ చలికాలం వెళ్లీ వెళ్లకుండా ఉంటుంది. పగలు ఎండ కాసినా రాత్రి చలికి నేల వేడెక్కదు. మన విత్తనాలకేమో వెచ్చటి నేల కావాలి. అందుకని పరమట్టాను ఆనుకుని ఉన్న హారిస్ పార్క్ లాంటి చోట, మూడంతస్తుల ఇటుక ఫ్లాట్లలోనూ పాతకాలపు చిన్న ఇళ్లలోనూ ఉండే మనవాళ్లకు చౌకలో దొరికే దారి ఒకటే. సన్నటి ఇనుప గొట్టాలు, వాటి మీద జిప్పు ఉన్న ప్లాస్టిక్ తొడుగు, అరగంటలో బిగించుకోగల బుల్లి గ్రీన్‌హౌస్. నారు మొలిచేలోపే అది గాలికి పల్టీ కొట్టిందంటే, సరిగ్గా కట్టుకోలేదని కొన్నవాళ్లనే అంటారు. ఎంత గాలికి ఆగుతుందో చెప్పకుండా అమ్మినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. ఈ వస్తువు పెట్టె మీద ఎంత గాలికి తట్టుకుంటుందో అచ్చువేయడం తప్పనిసరి చేయాలనీ, ఆ అంకె వచ్చేదాకా కట్టడాన్ని విడి పనిగా కాక గ్రీన్‌హౌస్‌లో భాగంగానే లెక్కేసుకోవాలనీ నా వాదన.

ముందు లెక్క చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ తీవ్ర హెచ్చరిక ఇవ్వడానికి పెట్టుకున్న గీత గంటకు 90 కిలోమీటర్ల విసురు. ఆ వేగంతో ఎదురుగా తగిలే గాలి ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 38 కిలోల బరువంత బలంతో నెడుతుంది. నాలుగు అరల నిలువు గ్రీన్‌హౌస్‌ను తీసుకోండి. 70 సెంటీమీటర్ల వెడల్పు, 160 ఎత్తు, 50 లోతు అనుకుందాం. వెడల్పు ముఖం మీద 90 కిలోమీటర్ల గాలి పడితే, అది వెనక్కి ఒరగకుండా ఉండటానికి మొత్తం బరువు దాదాపు 135 కిలోలు ఉండాలి. వేగం సగానికి తగ్గి 45 అయినా 34 కిలోలు కావాలి. ఖాళీ గొట్టాలూ తొడుగూ కలిపి తూస్తే ఐదారు కిలోలు ఉంటే గొప్ప. గంటకు 45 కిలోమీటర్ల విసురును సిడ్నీలో ఎవరూ తుపాను అనరు, వార్తల్లో కూడా చెప్పరు. ఆరిన బట్టలు తీగ మీద గట్టిగా కొట్టుకునే మామూలు గాలి అది. అంటే పెట్టెలోంచి తీసి నిలబెట్టిన వస్తువు మామూలు రోజుకే చాలదు, పెనుగాలి సంగతి తర్వాత.

కింది అరలో రెండు నీళ్ల డబ్బాలు పెడితే సరిపోదా అన్నది అందరికీ తట్టే ఉపాయం. ఇరవై లీటర్ల డబ్బాలు రెండు పెడితే 40 కిలోలు అవుతుంది. మామూలు విసుర్లకు అది చాలు. హెచ్చరిక స్థాయి గాలికి మాత్రం మూడో వంతు కూడా కాదు, పైగా ఆ సన్నటి అర అంత బరువు మోయాలి కదా. బరువు పెంచుకుంటూ పోవడం కన్నా పైభాగాన్ని దేనికైనా కట్టడం ఎన్నో రెట్లు మేలు. గాలి తోసేది మధ్యన కాబట్టి, అంతకంటే పైన పట్టుకున్న తాడు మీద పడే లాగుడు తక్కువే. పెద్ద తొడుగు ఉన్న, లోపలికి నడిచి వెళ్లగలిగే రకానికైతే నేలే ఆధారం. అయితే పెట్టెతో పాటు ఇచ్చే జానెడు పెగ్గులు అక్కడి నేలలో మోసం చేస్తాయి. పశ్చిమ సిడ్నీలో ఎక్కువ భాగం వియనమట్టా షేల్ రాయి చివికి ఏర్పడిన బరువైన బంకమట్టి. ఎండితే బీటలు వారి పెగ్గు వదులవుతుంది, నానితే జారి బయటికొస్తుంది. గాలీ వానా కలిసే వస్తాయి కాబట్టి, పట్టు బాగా అవసరమైన ఘడియలోనే నేల పట్టు వదిలేస్తుంది. మరలాగా తిప్పి లోతుగా దించే స్క్రూ యాంకర్లో, కంచెలకు వాడే స్టార్ పికెట్లో నాలుగు మూలలా దిగ్గొట్టి, చట్రాన్ని వాటికే బిగించాలి. దిగ్గొట్టే ముందు కింద గ్యాస్ గొట్టమో కరెంటు తీగో ఉందేమో ‘బిఫోర్ యూ డిగ్’ సేవలో ఉచితంగా అడిగి తెలుసుకోవచ్చు.

చట్రం నిలిచినంత మాత్రాన తొడుగు నిలుస్తుందని లేదు. గాలి గుండ్రటి కప్పు మీదుగా దాటేటప్పుడు పైకి లాగుతుంది; తలుపు జిప్పు తెరిచి ఉంటే లోపలికి దూరి అదే వైపు తోస్తుంది. ఈ రెండు బలాలూ కలిసినప్పుడే కప్పు లేచిపోయేది. కాబట్టి గాలి వచ్చేలోపు జిప్పులన్నీ మూయాలి, తొడుగు అడుగు అంచును జానెడు లోతు గాడిలో పూడ్చాలి, పైనుంచి తాడు ఐమూలగా వేసి రెండు వైపులా నేలకు బిగించాలి. కోస్తా జిల్లాల్లో తుపాను కబురు తెలియగానే తాటాకింటి మీదుగా మోకులు వేసి గుంజలకు కట్టడం, గడ్డివాముల మీద తాళ్లకు రాళ్లు వేలాడదీయడం ఎరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. సముద్రం దాటగానే ఆ తెలివి ఎందుకో ఇంటి దగ్గరే వదిలేస్తాం. తొడుగు వదులుగా ఉండకూడదన్నది మరో సంగతి. టపటపా కొట్టుకునే ప్లాస్టిక్ ఒక్క విసురుకు చిరగకపోయినా రాత్రంతా కొట్టుకుని గొట్టం తగిలే చోట చిరుగుతుంది. ఇక గాలి మరీ పెద్దదని తెలిస్తే తొడుగు విప్పేయడమే తెలివైన పని. జపాన్‌లో తైఫూన్ తట్టుకోలేమనుకున్నప్పుడు రైతులు ప్లాస్టిక్‌ను కోసేసి చట్రాన్ని కాపాడుకుంటారు. షీటు మళ్లీ కొనుక్కోవచ్చు, వంగిన గొట్టాలు మాత్రం తిన్నగా కావు.

ఇంత హడావుడి దేనికి, సిడ్నీ ఏమైనా విశాఖపట్నమా అనేవారుంటారు. నిజమే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలులు వీచాయి. సిడ్నీ ఆ కోవలోకి రాదు. అయినా అక్కడి ఇళ్ల నిర్మాణంలో గాలిని తేలిగ్గా తీసుకోలేదు. ఆస్ట్రేలియా ప్రమాణాల్లో ఎన్2 అనే మామూలు తరగతి ఇల్లు సెకనుకు 40 మీటర్ల విసురుకు, అంటే గంటకు 144 కిలోమీటర్లకు తట్టుకునేలా కట్టాలి. వేసవిలో దక్షిణం నుంచి వచ్చే చల్లగాలిని అక్కడివాళ్లు ‘సదర్లీ బస్టర్’ అంటారు. ఎండ మండిపోతున్న సాయంత్రం హఠాత్తుగా దిశ మారి, కాసేపట్లోనే పది పదిహేను డిగ్రీల వేడి దింపేస్తుంది. చెమట పట్టినవాళ్లకు ఎంత హాయిగా ఉన్నా, ఉక్క పోయాలని జిప్పు తెరిచి ఉంచిన గ్రీన్‌హౌస్‌కు అంతకన్నా శత్రువు లేదు. హారిస్ పార్క్ లాంటి చోట మరో చిక్కు కూడా ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు కట్టడాల సందులోనూ మూలల దగ్గరా గాలి వేగం పుంజుకుంటుంది. వాతావరణ శాఖ చెప్పే అంకె బయలులో కొలిచింది, మీ సందులో కొలిచింది కాదు.

పోతే పోయింది, చవక వస్తువే కదా అనడం ఒంటరి పొలంలో చెల్లుతుందేమో. హారిస్ పార్క్‌లో గోడ అవతల పక్కింటి కారు ఉంటుంది, కింద పిల్లలు ఆడే చోటు ఉంటుంది, ఊరి మధ్యలోంచి 1,500 వోల్టుల తీగల కింద రైళ్లు నడుస్తాయి. గాలివాన ముందు పెరట్లో, బాల్కనీలో విడిగా ఉన్నవన్నీ కట్టేయండి లేదా లోపల పెట్టండి అని న్యూ సౌత్ వేల్స్ అత్యవసర సేవల సంస్థ ఊరికే చెప్పదు. గాలి తేలిక వస్తువులను ఎంత దూరం ఎత్తగలదో ఆ దేశం చేదుగా తెలుసుకుంది. 2021 డిసెంబరు 16న టాస్మేనియాలోని డెవన్‌పోర్ట్‌లో ఒక పాఠశాల వేడుకలో, పిల్లలు గెంతి ఆడే బుడగ కోటను గాలి పైకి లేపింది; ఆరుగురు పిల్లలు చనిపోయారు. తర్వాత కోర్టులో నడిచిన వాదనలో ప్రధాన ప్రశ్న పెగ్గులదే. ఎన్ని ఉండాలి, ఎన్ని వేశారు, ముందే తెలియని సుడిగాలికి ఏ పెగ్గులైనా ఆగేవా? నిర్వాహకురాలు 2025లో నిర్దోషిగా బయటపడ్డారు. రెండు వస్తువులూ ఒకటి కావు, ఆ విషాదాన్ని ఈ చిన్న సంగతి పక్కన పెట్టడానికి నాకూ జంకుగానే ఉంది. అయితే ఎన్ని పెగ్గులు చాలన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సింది ప్రమాదం తర్వాత కాదన్నది రెండింటికీ వర్తిస్తుంది.

చట్టం ఏమంటుందో చూస్తే అసలు ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో 2008 నాటి ప్రణాళికా విధానం ప్రకారం నివాస ప్రాంతాల్లో 20 చదరపు మీటర్ల లోపు, 3 మీటర్ల ఎత్తు మించని గ్రీన్‌హౌస్‌కు కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు. సరిహద్దుకు 900 మిల్లీమీటర్లు దూరంగా ఉంటే చాలు. వారసత్వ ప్రాంతాల్లోనైతే ఇంటి వెనక పెరట్లోనే ఉండాలి. ఈ చివరి షరతు హారిస్ పార్క్‌లో చాలామందికి తగులుతుంది, ఎందుకంటే ఊరి ఒక భాగం ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ పరిరక్షణ ప్రాంతం. శిక్ష ముగిసిన ఖైదీ జేమ్స్ రూస్‌కు 1789లో భూమి ఇచ్చి, మనిషి ఇక్కడ తన తిండి తాను పండించుకోగలడా అని పరీక్షించిన చోటది. తర్వాత ఆ నేల కొన్న సర్జన్ జాన్ హారిస్ పేరే ఊరికి మిగిలింది. అదలా ఉంచి, అనుమతి అక్కర్లేని కట్టడానికి కూడా అదే విధానం రెండు షరతులు పెట్టింది. నిర్మాణం గట్టిగా ఉండాలి, తయారీదారు సూచనల ప్రకారం బిగించాలి. మరి తయారీదారు సూచనల్లో గాలి ఊసే లేకపోతే? ‘గాలి లేని చోట పెట్టుకోండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే? కొన్నవాడు సూచన పాటించినట్టా, లేనట్టా? పెద్ద పాలీహౌస్‌ల రూపకల్పనకు మన దేశంలో 1997లోనే ఐఎస్ 14462 ప్రమాణం వచ్చింది. ఎకరాల్లో వేసేవాడికి ఇంజనీరు లెక్క ఉంది, పెరట్లో వేసేవాడికి ఒక అంకె కూడా లేదు.

అంకె అచ్చువేస్తే ధర పెరుగుతుందనేది వ్యాపారుల అభ్యంతరం కావచ్చు. గట్టి గొట్టాలు వాడమని ఎవరూ అడగడం లేదు. ‘ఇచ్చిన పెగ్గులతో ఇంత వేగం దాకా, నాలుగు స్క్రూ యాంకర్లతో ఇంత దాకా, అది దాటితే తొడుగు తీయండి’ అని రాయడానికి ఖర్చు ఒకసారి చేసే పరీక్షకే. ఆ వాక్యం ఉంటే కొనేవాడు ఫోన్లో రేపటి గాలి వేగం చూసుకుని ఏం చేయాలో తేల్చుకోగలడు. బలహీనమైనది అమ్మే హక్కు వ్యాపారికి ఉండనివ్వండి, అది బలహీనమైనదని తెలుసుకునే వీలు మాత్రం కొనేవాడికి ఉండాలి.

అద్దె ఇళ్లవాళ్ల ఇబ్బంది నిజమైనది. తోటలో కూరగాయలు నాటుకుంటామంటే యజమాని సరైన కారణం లేకుండా కాదనకూడదని 2019 నాటి అద్దె నిబంధనలు చెబుతున్నాయి. గోడకు బోల్టు వేయాలంటే మాత్రం రాతపూర్వక అనుమతి కావాలి, ఫ్లాటు బయటి గోడైతే ఓనర్స్ కార్పొరేషన్‌నూ అడగాలి. ఆ అనుమతి రానివాళ్లు నాలుగు అరల నిలువు రకం కొనకపోవడమే మంచిది. నారుకు నిజంగా అంత ఎత్తు అక్కర్లేదు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 లోతు, 30 ఎత్తు ఉన్న పారదర్శక మూత డబ్బా బాల్కనీ పిట్టగోడ చాటున నేల మీద పెట్టి, మూతకు క్లిప్పులు బిగిస్తే అదే 90 కిలోమీటర్ల గాలికి పల్టీ కొట్టకుండా ఉండటానికి కావాల్సింది ఐదు కిలోల పైచిలుకు బరువు. తడి మట్టి నింపిన నారు ట్రేలు రెండు అంతకంటే ఎక్కువే తూగుతాయి.